బక్ లాట్నర్ పేరు వేలం

ఆ వేసవంతా మా ఇంట్లో బక్ లాట్నర్‌ని తిట్టడం నిషేధం. నిషేధం పెట్టింది అతని మనుషులు కాదు, మా లాయరు మిసెస్ ప్రూయిట్. మా వంటింట్లో కూర్చుని, మా అమ్మ పోసిన చల్లటి తీపి టీ తాగుతూ, మా తమ్ముణ్ణి చంపినవాణ్ణి మేం పల్లెత్తు మాట అనకూడదని చెప్పింది. ఆవిడ చేతిలో గ్లాసు లాగేసుకుందామా అనిపించింది నాకు. నాకు నోరెక్కువ. బడి వంటశాలలో వందల మంది పిల్లలకి వడ్డించేదాన్ని, నోరు లేకపోతే బతకలేను. ఆ వేసవి ఆ నోటికే తాళం పడింది.

మా తమ్ముడు లోనీ పోయి అప్పటికి రెండేళ్ళు. పెట్రోలు అయిపోయిన మోటారుసైకిలు తోసుకుంటూ రోడ్డు వారగా ఇంటికొస్తుంటే బక్ లాట్నర్ తాగి ట్రక్కు నడుపుతూ వచ్చి గుద్దాడు. మా కొండల్లో అతన్ని ఎరగనివాడు లేడు. ఒకప్పుడు కార్ల పందేల్లో నలభై ఒకటో నంబరు కారు నడిపేవాడు. పందేలు మానేశాక అతని మొహం మాంసానికి పూసే సాసు సీసాల మీదికెక్కింది. టోపీల మీద, చొక్కాల మీద, ఊరి మొదట్లో పెద్ద బోర్డు మీద అదే మొహం, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉండేది. జైలుకెళ్ళి కొన్ని నెలలకే బయటికొచ్చాడు. పాపం మంచివాడు, ఒక్క సాయంత్రం గ్రహచారం బాగాలేదు అని ఊరు సరిపెట్టుకుంది.

సివిల్ కోర్టు మాత్రం మాకు ఇరవై లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. చెప్పింది గానీ ఇప్పించలేదు. ఇల్లు భార్య పేరు మీద ఉంది. పందేల కార్లు ఎప్పుడో అమ్మేశాడు. పింఛను జోలికి చట్టం పోనివ్వదు. తీర్పు కాగితం నాకితే కడుపు నిండుతుందా? ఈ కేసు నడపడానికి నాన్న తన షెడ్డు బ్యాంకులో తాకట్టు పెట్టాడు. సొట్టలు పడ్డ కార్లు సరిచేసి రంగులేసే ఆ షెడ్డే మా ఇంటికి ఆధారం. సెప్టెంబరు వచ్చేలోగా బాకీ తీర్చకపోతే స్వాధీనం చేసుకుంటామని బ్యాంకువాళ్ళు చెప్పేశారు.

"అతని దగ్గర అమ్మదగ్గ వస్తువు ఒక్కటే మిగిలింది. అతని పేరు," అంది మిసెస్ ప్రూయిట్.

పేరంటే ఉత్త పేరు కాదట. పేరు, మొహం, సంతకం సరుకుల మీద వేసుకుని సొమ్ము చేసుకునే హక్కు. మన టెనెసీలో అది పొలం లాగా, ఇల్లు లాగా ఆస్తేనని ఆవిడ చెప్పింది. జడ్జి ఒప్పుకున్నాడు. ఆగస్టు ఆఖర్లో కోర్టు మెట్ల మీద వేలం. ఇన్నాళ్ళూ అద్దె కట్టి ఆ మొహం వాడుకుంటున్న సాసు కంపెనీ పూర్తిగా కొనుక్కోవడానికి సిద్ధంగా ఉంది. ఎంతకి కొంటుందన్నది మాత్రం జనానికి ఆ మొహం ఎంత ఇష్టమో దాన్ని బట్టి ఉంటుంది. అందుకని వేలం అయ్యేదాకా ఆ పేరుకి మచ్చ పడనివ్వకండి, మీ సొమ్ము మీరే పాడుచేసుకోకండి అంది.

"అంటే వాణ్ణి ముద్దు చెయ్యాలా?" అన్నాను.

"నోరు మూసుకుంటే చాలమ్మా," అందావిడ.

అమ్మ లేచింది. గ్లాసులు తీసి కడుక్కుంది.

జూన్‌లో ఒకరోజు నాన్నతో కలిసి సరుకుల దుకాణానికి వెళ్ళాను. లోనీ పోయినప్పట్నుంచీ అమ్మ ఆ దుకాణంలో అడుగు పెట్టలేదు. సీసాల అర వైపు చూడకుండా పిండి తెచ్చుకోవడం ఆవిడకి సాధ్యం కాలేదు. నేను రొట్టెలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి నాన్న ఆ అర ముందు నిలబడి ఉన్నాడు. కొన్ని సీసాలు వెనక్కి తిరిగి ఉన్నాయి. నాన్న ఒక్కొక్కటే పట్టుకుని మొహం ముందుకి వచ్చేలా తిప్పుతున్నాడు. వెనకున్నవి ముందుకి జరుపుతున్నాడు. ఒక సీసా మీద దుమ్ముంటే చొక్కా కొసతో తుడిచాడు.

నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"అమ్ముడుపోవాలి కదే నేడీన్," అన్నాడు నెమ్మదిగా.

ఆ సీసాలన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. నాన్న చేతులు చూశాక ఆగిపోయాను. ముప్ఫయ్యేళ్ళ రంగు గోళ్ళలో ఇంకిపోయిన చేతులవి. ఆ మొహాన్ని తుడవడం ఆయనకి సరదానా? ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు. మా ఇంట్లో చెప్పకూడనివి అప్పటికే చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి చేరింది.

జూలై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపులో బక్ లాట్నర్‌ని ట్రాక్టరు వెనక బండిలో నిలబెట్టి తిప్పారు. మేం వెళ్ళకపోతే లోకం ఏమైనా అనుకుంటుందని మిసెస్ ప్రూయిట్ చెప్పి పంపింది. మడతకుర్చీలేసుకుని ముగ్గురం రోడ్డు పక్కన కూర్చున్నాం. అతను చెయ్యి ఊపుతూ వచ్చి, మమ్మల్ని చూడగానే చెయ్యి దించేశాడు. బండి మమ్మల్ని దాటాక మళ్ళీ ఎత్తాడు. టీవీ అమ్మాయొకతె మైకు పట్టుకుని అమ్మ దగ్గరికొచ్చి, ఇతన్ని చూస్తే ఏమనిపిస్తోందని అడిగింది. అమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. ఎండ ఎక్కువగా ఉందమ్మా అని మాత్రం అంది.

ఆ వారమంతా ఊళ్ళో అమ్మని మెచ్చుకున్నారు. వెర్నా టాకెట్ మనసు పెద్దదన్నారు. చర్చిలో ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఒకావిడైతే అతనూ ఎంత కుమిలిపోతున్నాడో పాపం అంది. పుండు మీద కారం చల్లి విసనకర్రతో విసరడమంటే అదే. కారు దాకా వచ్చి అమ్మ, తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఆగస్టు మొదట్లో సాసు కంపెనీ మనిషి మా ఇంటికి వచ్చాడు. కుర్రాడే, ఇస్త్రీ మడత నలగని చొక్కా. మా పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు అడిగింది ఇది. వేలానికి ముందు అమ్మ బక్ లాట్నర్ పక్కన నిలబడి చెయ్యి కలిపి ఒక ఫోటో దిగాలి. ఫోటో కింద నాలుగు మాటలుంటాయి. ఆ సాయంత్రం బక్ భయపడిపోయినా, అబ్బాయి చెయ్యి పట్టుకుని చివరిదాకా పక్కనే కూర్చున్నాడనీ, ఆ తల్లి అతన్ని క్షమించిందనీ. అది పేపర్లో పడితే కంపెనీ వేలంలో ఆరు లక్షల దాకా వెళ్తుంది. లేకపోతే లక్షన్నర దగ్గర ఆగిపోతుంది.

షెడ్డు మీద బాకీ రెండు లక్షలు. లెక్క ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

పాస్టరుగారు మంచివాడే. క్షమించమని దేవుడు ఊరికే చెప్పలేదమ్మా, అది ముందు నీ మనసుకే మందు అన్నాడు. అమ్మ ఆయన చెప్పిందంతా విని, దేవుడు చెప్పినప్పుడు డబ్బు ఇస్తానన్నాడా పాస్టరుగారూ అని అడిగింది. ఆయన మొహం ఎర్రబడింది. ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు, చాలా త్వరగా వెళ్ళిపోయాడు.

వాళ్ళు వెళ్ళాక నాన్నకీ అమ్మకీ మాటా మాటా పెరిగింది. వాళ్ళు అలా పోట్లాడుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్క ఫోటోనే కదా వెర్నా అన్నాడు నాన్న. షెడ్డు పోతే నాకు తెలిసిన పని ఇంకొకటి లేదు, ఈ వయసులో ఎవడి కింద చేరను అన్నాడు. వాడెలాగూ తిరిగిరాడు, ఉన్నదాన్నైనా నిలుపుకుందాం అన్నాడు. ఆ మాట నిజం కాబట్టే అమ్మ తట్టుకోలేకపోయింది.

"వాడు ఒక్కడే పోయాడు హార్లన్, రోడ్డు మీద, పక్కన ఎవరూ లేకుండా. నా బిడ్డకి ఆఖర్న జరిగింది అది. దాన్ని మార్చి అమ్ముతావా?"

నాన్న టోపీ తీసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ నాతోనే మాట్లాడేవారు. ఉప్పు అందించమని కూడా నాతోనే చెప్పించేవాళ్ళు. పొద్దున నేను నాన్న పక్షం, సాయంత్రం అమ్మ పక్షం. షెడ్డు పోతుందని భయంగా ఉండేది, ఫోటో అంటే అసహ్యంగా ఉండేది. ఆఖరికి అమ్మ వచ్చి, ఫోటో దిగను గానీ వేలానికి వస్తాను, నోరు విప్పను, ఎంతొస్తే అంత తీసుకోండి అని నాతో చెప్పింది. నేను వెళ్ళి నాన్నకి చెప్పాను. లక్షన్నర చేతికొస్తే బ్యాంకువాళ్ళు మిగిలినదానికి గడువిస్తారేమో అడుగుతానన్నాడు.

వేలం రోజున కోర్టు ముందు జనం బాగానే చేరారు. టీవీ వాళ్ళూ వచ్చారు. బక్ లాట్నర్, తన వ్యవహారాలు చూసే మేనేజరుని పక్కన పెట్టుకుని, ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. దగ్గర్నుంచి చూస్తే బోర్డు మీద మొహం కంటే చాలా ముసలిగా ఉన్నాడు. కంపెనీ కుర్రాడు చంకలో ఫైలుతో ముందు వరసలో ఉన్నాడు. వేలంపాట పాడించడానికి ఆర్విల్ స్టూప్స్‌ని షెరీఫు పిలిపించాడు. ఆర్విల్ ప్రతి గురువారం మా పశువుల సంతలో పాట పాడించే మనిషి. మనుషుల పేర్లు అతనెప్పుడూ అమ్మలేదు.

మా సంతలో ఒక ఆచారం ఉంది. పాట ఎత్తుకునే ముందు, అమ్మేవాళ్ళకి తెలిసిన లోపం ఏమైనా ఉంటే చెప్పమని పాటగాడు అడుగుతాడు. ఒంటికన్నుదైతే ఒంటికన్నుదనీ, తన్నేదైతే తన్నేదనీ అందరి ముందూ చెప్పి తీరాలి. దాచిపెట్టి అమ్మినవాడి పశువుని మళ్ళీ ఎవరూ కొనరు, వాడి కొడుకు దగ్గర కూడా కొనరు. మా అమ్మ తండ్రి కంచరగాడిదల వ్యాపారి. ఆవిడ ఆ సంతలోనే పెరిగింది.

ఆర్విల్ కోర్టు కాగితం తడబడుతూ చదివాడు. పేరు, రూపం, గొంతు, సంతకం, వాటి మీద వచ్చే సమస్త ఆదాయం అంటూ చదివి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు నాలుక మీద ఉంది, అదే వచ్చేసింది.

"అమ్మేవాళ్ళకి తెలిసిన లోపం ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

మిసెస్ ప్రూయిట్ తల గభాలున ఎత్తింది. కొందరు నవ్వారు. ఆర్విల్ కూడా నాలిక కరుచుకుని, పొరపాటైంది, కానివ్వండి అనబోయాడు. అప్పటికే అమ్మ లేచి నిలబడింది.

"ఉంది ఆర్విల్. తాగి మా అబ్బాయిని గుద్దాడు. దిగి చూశాడు. మా వాడు అప్పటికి బతికే ఉన్నాడు. ఈయన చెయ్యి పట్టుకుని కూర్చోలేదు. ట్రక్కెక్కి మేనేజరుకి ఫోన్ చేసి వెళ్ళిపోయాడు. ఆంబులెన్సుని పిలిచింది చాలాసేపటికి అటుగా వచ్చిన పాలవ్యాను డ్రైవరు. కోర్టులో అంతా రుజువైంది. మీరు మర్చిపోయారు. కొనేవాళ్ళకి తెలియాలి కదా అని చెప్తున్నా."

చెప్పి కూర్చుంది. గొంతు పెంచలేదు. సంతలో గాడిద వయసు చెప్పినట్టే చెప్పింది. నేను బక్ లాట్నర్ వైపు చూశాను. మేనేజరు అతని చెవిలో ఏదో గొణుగుతున్నాడు. అతను ఔననలేదు, కాదనలేదు, కింద మెట్టు వైపే చూస్తున్నాడు.

ఆర్విల్ లక్ష దగ్గర పాట ఎత్తాడు. కంపెనీ కుర్రాడు టీవీ కెమెరాల వైపు చూసి, ఫైలు మూసి, ఫోను చెవిన పెట్టుకుని పక్కకి పోయాడు. మళ్ళీ రాలేదు. ఆర్విల్ యాభై వేలన్నాడు. పది వేలన్నాడు. సంతలో ముసలి ఎద్దుని పాట పెట్టినప్పుడు కూడా అతనికి అంత మౌనం ఎదురవలేదు. నూరు డాలర్లన్నాడు. టోపీలమ్మే పాతసామాన్ల వర్తకుడొకడు కాలు మార్చుకున్నాడు గానీ చెయ్యెత్తలేదు. మా షెడ్డు నా కళ్ళ ముందే పోతోంది. నేను నాన్న మొహం చూడలేక నా చెప్పులు చూసుకుంటున్నాను.

"ఒక డాలరు," అన్నాడు ఎవరో.

నాన్న. లేచి నిలబడి, జేబులోంచి నలిగిన నోటు తీసి పట్టుకున్నాడు. ఆర్విల్ అటూ ఇటూ చూసి, ఇంకెవరూ లేరని మూడుసార్లు చెప్పి, హార్లన్ టాకెట్‌కి ఖాయం చేశాడు. మిసెస్ ప్రూయిట్ కళ్ళు మూసుకుంది.

ట్రక్కులో ఇంటికొస్తున్నాం. నాకు ఏడుపొస్తోంది. షెడ్డు పోయిందని ఏడుస్తున్నానో అమ్మని చూసి గర్వమొచ్చి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఊరి మొదట్లో బోర్డు దాటాక నాన్న నేరుగా అమ్మనే అడిగాడు, నన్ను మధ్యలో పెట్టకుండా.

"ఆ మొహం ఇప్పుడు మనది వెర్నా. ఏం చేద్దాం?"

"దించెయ్యి," అంది అమ్మ.

కంపెనీ చీటీలు మార్చుకుంది. సీసాల మీద ఇప్పుడు ఒక పంది బొమ్మ ఉంటుంది. బోర్డు మీద వేరే ప్రకటన వచ్చింది. సెప్టెంబరులో బ్యాంకువాళ్ళు షెడ్డుకి తాళం వేశారు. నాన్న పక్క ఊళ్ళో, తన కొడుకు వయసువాడి కింద పనికి కుదిరాడు. పొద్దున్నే భోజనం డబ్బా సర్దుకుని వెళ్ళేటప్పుడు ఆయన వీపు చూస్తే నాకు ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. ఊళ్ళో సగంమంది మాతో మాట్లాడటం మానేశారు. ఒక మనిషి పొట్ట కొట్టారని అన్నారు. నేనేం ఊరుకోలేదు, నోటి తాళం ఊడింది కదా, అన్నవాళ్ళకల్లా అక్కడే సమాధానం చెప్పాను.

ఆ నెలాఖరున ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ వరండాలో కూర్చుని చిక్కుళ్ళు తుంపుతున్నాం. నాన్న కుర్చీలో కునుకు తీస్తున్నాడు. బక్ లాట్నర్ రోడ్డు మీద ట్రక్కు ఆపి నడుచుకుంటూ వచ్చాడు. మెట్ల కింద ఆగి టోపీ తీశాడు. నాన్నకి మెలకువొచ్చింది, లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

పేరు కోసం వచ్చాడనుకున్నాను. సంతల్లో టోపీల మీద సంతకాలు పెట్టుకుని బతికే మనిషి, ఇప్పుడు అదీ లేదు. అది అమ్మకానికి లేదు, వచ్చిన దారిన పొమ్మన్నాను.

"అందుక్కాదమ్మా," అన్నాడు నాతో. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఆ రోజు మెట్ల మీద మీరు చెప్పినదంతా నిజం. మీకు తెలియనిది ఇంకొకటుంది. చెప్పొద్దని లాయర్లన్నారు. ఇప్పుడు నాకు లాయర్లు లేరు."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"మీ అబ్బాయి మాట్లాడాడు."

రెండేళ్ళుగా ఆవిడ రోజూ దేవుణ్ణి అడుగుతున్నది, ఆఖర్న వాడేమన్నాడన్నది ఒక్కటే అని నాకు తెలుసు. నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది అమ్మ.

"నా మొహం చూసి నవ్వాడు. మీరు బక్ లాట్నర్ కదండీ అన్నాడు."

అతను టోపీని రెండు చేతుల్లో నలుపుతున్నాడు.

"నువ్వేమన్నావు?" అని అడిగింది అమ్మ.

"కాదన్నానమ్మా."

నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి ఆయన ఏడుపు వినిపించింది. లోనీ పోయినప్పుడు కూడా నేనా ఏడుపు వినలేదు. అతన్ని కొట్టాలో, తలుపేసుకోవాలో నాకు తెలియలేదు. అమ్మ అతన్నే చూస్తూ కూర్చుంది. అతను ఏడవలేదు, క్షమించమనీ అడగలేదు, పొమ్మనే మాట కోసం నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ అంది.

"ఇకమీదట ఎవరడిగినా అవుననే చెప్పాలి నువ్వు."

"అలాగేనమ్మా."

"ఇప్పుడు చెప్పు. నువ్వు బక్ లాట్నర్‌వేనా?"

అతను తలెత్తాడు.

"అవునమ్మా," అన్నాడు.